పరస్థానం సంచి

ప్రయాణానికి పనికొచ్చే ముహూర్తం గురువారం పొద్దున దొరికింది. విమానం మాత్రం ఆ తర్వాత రెండు వారాలకు గానీ లేదు. ఇలాంటి చిక్కులకు పెద్దలు ఎప్పుడో ఉపాయం చెప్పి పెట్టారు. మనిషి కదలలేకపోతే సామాను కదిలితే చాలు. మంచి ఘడియలో ఒక సంచి సర్ది, దానికి పసుపు బొట్టు పెట్టి, దిక్కు చూసి ఇంకొకరి ఇంట్లో ఉంచితే ప్రయాణం మొదలైనట్టే. దాన్నే పరస్థానం పెట్టడం అంటారు. ఒకసారి గడప దాటిన ఆ సంచి మళ్లీ అదే గడప లోపలికి రావాలంటే ఊరు పోయి రావాల్సిందే. పోకుండా తిరిగొచ్చిందా, ఆ ప్రయాణంలో ఎదురు కావాల్సిన కీడంతా సంచిలో కూర్చుని ఇంటికే వస్తుందని జంపఖానాల వ్యాపారి కిషన్ రావు తల్లి భద్రమ్మ నమ్మకం. భద్రమ్మ నమ్మితే గిర్మాజీపేటలోని ఆ ఇంట్లో అందరూ నమ్మినట్టే.

పంతులు చెప్పిన దిక్కున కొత్తవాడ ఉంది. కొత్తవాడలో ఎల్లస్వామి ఇల్లు ఉంది. కిషన్ రావుకు జంపఖానాలు నేసి ఇచ్చేవాళ్లలో చేతిపని బాగున్నవాడు ఎల్లస్వామే. అందుకని అనసూయ, కిషన్ రావు భార్య, సంచిని ఒక పక్కన, మూడేళ్ల కూతురు పద్మను ఒక పక్కన పెట్టుకుని రిక్షాలో ఆ ఇంటికి పోయింది. దారి పొడవునా ఆమె మొహం వెలిగిపోతూనే ఉంది. వరంగల్లో జర్మనీ చూసిన ఆడవాళ్లు ఎందరున్నారు? ఆమెకు తెలిసినంతలో ఒక్కరూ లేరు.

నిజం మాట్లాడుకుంటే ఆ ప్రయాణం ఎల్లస్వామిదే. మ్యూనిక్ నగరంలో జరిగే చేతిపనుల ప్రదర్శనలో వారం రోజులు మగ్గం మీద జంపఖానా నేసి చూపించడానికి నేసే కుటుంబాన్ని పంపమని, సరుకు కొనే జర్మనీ దొర పోయినేడే అడిగాడు. మొగుడు నేస్తుంటే పెళ్లాం నూలు కండెలు చుట్టాలి, పక్కన పిల్ల ఆడుకోవాలి, అదీ ఆయన ముచ్చట. ఎల్లస్వామికీ, భార్య రాజక్కకీ పాస్‌పోర్టులు తయారయ్యాయి. వాళ్ల బిడ్డ మొగిలి పేరు తల్లి పాస్‌పోర్టులోనే ఎక్కింది. అంతా అయ్యాక కిషన్ రావుకు ఒక ఆలోచన వచ్చింది. దొరకు కావాల్సింది కుటుంబమే కదా, తనకు మాత్రం లేదా కుటుంబం? ప్రదర్శన అయ్యాక ఊరంతా తిప్పి కోటలూ మంచుకొండలూ చూపిస్తానంటున్నాడు దొర. వాటిని చూడటానికి కొత్తవాడ వాళ్లెందుకు? పంజా పట్టుకోవడం ఎంతసేపు నేర్చుకోవాలి?

నేర్చుకోవడానికి కిషన్ రావు రెండు సాయంత్రాలు ఎల్లస్వామి మగ్గం మీద కూర్చున్నాడు కూడా. పంజా అంటే పేక నూలును కిందికి దిగగొట్టే ఇనప దువ్వెన. చేతికి పట్టినంత ఉంటుంది గానీ బరువు. మొదటి సాయంత్రం పడుగు దారాలు తెంపాడు. రెండో సాయంత్రం తన బొటనవేలు తానే కొట్టుకున్నాడు. అక్కడి వాళ్లకేం తెలుస్తుందిలే అనుకుని లేచి చెప్పులేసుకున్నాడు. తెగిన దారాలన్నీ ఎల్లస్వామి ఒక్కొక్కటే ముడేసుకుని, మళ్లీ పనిలో పడ్డాడు.

అనసూయ పోయేసరికి అతను గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. పంజా చప్పుడు వీధి చివరి దాకా వినిపిస్తోంది. గోడకు ఆనుకుని రాజక్క రాట్నం తిప్పుతూ ఎర్ర నూలును కండెకు చుడుతోంది. వేళ్ల మధ్య నుంచి నూలు పోతుంటే దాని రంగు చర్మానికి అంటి, ఎడమచేతి చూపుడు వేలు ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది ఆమెకు. రిక్షా ఆగగానే రాట్నం వదిలి లేచింది. చేతులు కడుక్కుని, సంచిని రెండు చేతులతో అందుకుని, దేవుడి పటాల కింద పీట మీద పెట్టి, ఉతికిన గుడ్డ కప్పింది. తన ప్రయాణాన్ని గుంజుకున్న వాళ్ల సంచికి తన ఇంట్లో దీపం పెడుతున్నానన్న ఉక్రోషం ఆమె మొహంలో లేదు. లేదని అనసూయ అనుకుంది. నిజానికి అంత దగ్గరగా చూడలేదు.

ఇంత బరువుందేమిటని రాజక్క అడిగింది. అనసూయ నవ్వేసింది. లోపల కొత్త బట్టలు, కుంకుమ భరిణె, కాసిన్ని బియ్యం ఉన్నాయి. ఆ బరువు మాత్రం పాలపిండి డబ్బాలది. ఆవును తినే వాళ్ల చేతి పాలు తన మనవరాలు తాగడానికి వీల్లేదని భద్రమ్మ పట్టుబట్టి పెట్టించింది.

"అత్తమ్మ చాదస్తం గానీ, అక్కడ పాలకేం తక్కువనే? చెంచా నిలవెడితే నిలవడేటంత చిక్కగుంటయట. ఆయన పోయినసారి పోయినప్పుడు తాగొచ్చిండు. ఆ పాలు తాగిన పిల్లలు బుగ్గలు ఎర్రగ, గుండ్రంగుంటరట."

రాజక్క విని, పక్కనే పద్మ పాత గౌను వేసుకుని నిలబడ్డ మొగిలిని చూసింది. మొగిలికి బుగ్గలు లేవు, కళ్లే ఉన్నాయి. ఇద్దరు పిల్లలదీ ఒకటే వయసు గానీ పద్మకు పొట్టయిన గౌను మొగిలికి పాదాల దాకా వస్తుంది.

"అదృష్టవంతురాలు పద్మమ్మ" అంది రాజక్క.

ఆ శనివారం నుంచి కిషన్ రావు రేడియో దగ్గర కూర్చోవడం ఎక్కువైంది. రష్యాలో కరెంటు తీసే అణు కర్మాగారం పేలిందని అప్పటికే తెలుసు. రష్యా ఎక్కడ, మ్యూనిక్ ఎక్కడ అని ఊరుకున్నాడు. కానీ ఆ విషపు గాలి దేశాలు దాటి వచ్చిందని, జర్మనీలో పాలు పారబోస్తున్నారని, ఆకుకూరలు దున్నేస్తున్నారని రేడియో చెప్పడం మొదలుపెట్టింది. ఆదివారం దొర నుంచి ఫోనొచ్చింది. జనం బయటికి రావడానికి భయపడుతున్నారని, అయినా ప్రదర్శన ఆగదని, కుటుంబం తప్పకుండా రావాలని చెప్పాడు. పిల్లల సంగతి ఏమిటని కిషన్ రావు అడిగితే, తన పిల్లల్ని మాత్రం ఇల్లు కదలనివ్వడం లేదన్నాడు.

సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లి, చల్లబడ్డాక చాపలు పరిచారు. వెనక వాటాలో అద్దెకుండే సారంగపాణిని పిలిచారు. ఆయన కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాడు, ఏ సంగతైనా పాఠంలాగే చెబుతాడు. కిషన్ రావు, అనసూయ, భద్రమ్మ చుట్టూ కూర్చున్నారు. పద్మ తల్లి ఒళ్లో పడుకుని మామిడిటెంక చీకుతోంది.

"మ్యూనిక్ల మంచి వానగొట్టింది" అన్నాడు సారంగపాణి. "గాలిల ఉన్నదంత వానతోని గడ్డి మీదికి దిగింది. ఆ గడ్డి ఆవు తింటది, పాలల్లకు వస్తది. పెద్దోళ్లు వారం పది రోజులు పోయొస్తే ఏం గాదనుకో. ఫికరంత చిన్నపిల్లలతోనే. గొంతుల గ్రంథి ఉంటది గదా, అండ్ల పోయి కూసుంటది. ఇయ్యాల ఏం కనపడది. ఎన్నేండ్లకు బయటపడ్తదో ఎవ్వలం చెప్పలేం."

కిషన్ రావు చెయ్యి అతనికి తెలియకుండానే తన గొంతు మీదికి పోయింది. పెద్దవాళ్లకు ఏమీ కాదన్న మాట అతని చెవికి ఎక్కలేదు. అనసూయకు ఎక్కింది. కొన్న స్వెట్టర్లు, చుట్టుపక్కల చెప్పుకున్న గొప్పలు, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగి, పద్మను అత్తమ్మ దగ్గర వదిలి మనిద్దరం పోయొద్దామా అని మెల్లగా అడిగింది. అడిగినందుకు తర్వాత సిగ్గుపడింది గానీ, ఆ క్షణాన మాత్రం ఆమెకు కోటలే కనిపించాయి.

కిషన్ రావు ఎవరమూ పోవడం లేదన్నాడు. బతికుంటే బలుసాకు అన్నట్టు కూడా కాదు, అంత మాటెందుకు, భయమేసింది అతనికి, అంతే. సారంగపాణి తలూపి, మంచి పని చేశారని మెచ్చుకుని, మామిడిపళ్లు రెండు తీసుకుని కిందికి దిగిపోయాడు. భద్రమ్మ చీపురు పుల్లతో పళ్లు కుట్టుకోవడం ఆపింది.

"మరి సంచి?" అంది.

పద్మ చేతిలోంచి టెంక జారి తల్లి చీర మీద పడింది. అనసూయ దాన్ని తీసి పక్కన పెట్టి, పాప మూతి తుడిచి, పాపను ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. సంచి సగంలో పాపవే ఉన్నాయి, పాప గౌన్లు, పాప పాలడబ్బాలు. అది పోకుండా తిరిగొస్తే కీడు ఎవరి మీదికి వస్తుందో భద్రమ్మ నోరు విప్పి చెప్పాల్సిన పని లేదు. రేడియో చెప్పిన భయం అనసూయకు కొత్తది, సగమే అర్థమైంది. ఈ భయం మాత్రం ఆమెకు చిన్నప్పటి నుంచి తెలుసు.

తెల్లారి పూజ గదిలోనే కిషన్ రావు సంగతి తేల్చేశాడు. సంచి పోవాలి, అంతే కదా. ఎవరి చేతిలో పోతే ఏమిటి? దొర మొదట అడిగింది ఎల్లస్వామి కుటుంబాన్నే. పాస్‌పోర్టులు ఉండనే ఉన్నాయి. మిగతావన్నీ బొంబాయిలో ఉన్న ఏజెంటు చూసుకుంటాడు. దొరతో వ్యాపారం చెడదు, సంచి ఆ ఇంటి నుంచి అటే సముద్రం దాటుతుంది. భద్రమ్మ హారతి పళ్లెంలో కర్పూరం పెట్టింది. సంచిని ఎవరు మోస్తే కీడు వాళ్ల వెంట పోతుంది, శాస్త్రంలో దానికి అడ్డేమీ లేదంది. అని దేవుడికి హారతి ఇచ్చింది.

అనసూయ గుమ్మం దగ్గర నిలబడి వింది. హారతి కళ్లకద్దుకున్నాక, "వాళ్లకూ చిన్నపిల్ల ఉన్నది గదా" అంది.

"వారం దినాలే గదనే. ఇంటికాడ చాయనీళ్లు తాగి పెరిగిన పిల్ల, అక్కడ ఎన్ని పాలు తాగుతది?" అన్నాడు కిషన్ రావు. "నువ్వు మాత్రం నోరు జారకు. భయపడి ఎనుకకు జరిగిన్రనుకో, సంచి మన ఇంటికే వస్తది."

భద్రమ్మ కోడలి వైపు తిరిగింది. ఆమె గొంతులో కోపం లేదు. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టే అడిగింది.

"నీకు నీ బిడ్డ ఎక్కువనా, వాళ్ల బిడ్డ ఎక్కువనా?"

దీనికి జవాబు లేక కాదు. జవాబు ఉంది, అది అందరికీ తెలుసు, అందుకే అడిగింది. అనసూయ హారతి పళ్లెం తీసుకుని లోపలికి పోయింది.

కబురు విని ఎల్లస్వామి మగ్గం గుంటలోంచి లేచిన వాడు లేచినట్టే ఉండిపోయాడట. కిషన్ రావు ఇంటికొచ్చి చెబుతూ నవ్వాడు. అమ్మకు ఆరోగ్యం బాగాలేదు, దవాఖానాలో చూపించాలి, మేం పోలేం, నీ వంతు నీకే వచ్చిందిరా అని చెప్పాడట. రష్యాలో ఏదో కాలిందంటున్నారు సేటూ, మనం పొయ్యే ఊరికి దగ్గరనా అని మాత్రం ఒకసారి అడిగాడట ఎల్లస్వామి. మనకూ కాశ్మీరానికీ ఉన్నంత దూరం, ఇక్కడ నీకు కాశ్మీరం చలి తగులుతాందా అని అడిగితే, లేదు సేటూ అని తలొంచుకున్నాడట. మే నెల వరంగల్లో చలి సంగతి ఎత్తేసరికి చుట్టూ ఉన్న నేతగాళ్లు కూడా నవ్వారట.

అనసూయ నవ్వలేదు. ఆ రోజంతా ఏ పని చేస్తున్నా ఆమెకు మొగిలి కనిపిస్తూనే ఉంది, పాదాల దాకా గౌనేసుకుని. పద్మకు పాలు కలుపుతుంటే కనిపించింది. పద్మ గొంతు దగ్గర చెమట తుడుస్తుంటే కనిపించింది. మర్నాడు, పద్మకు కొన్న ఎర్ర స్వెట్టరు ఇచ్చి వస్తానని అత్తతో చెప్పి కొత్తవాడకు బయలుదేరింది. మనసులో ఒక మాట సిద్ధం చేసుకుంది. మొగిలిని మీ అమ్మ దగ్గర వదిలిపోవే రాజక్కా, అక్కడి పాలు పిల్లలకు మంచివి కావట. ఇంతే. మొత్తం చెప్పక్కర్లేదు. రిక్షాలో ఆ మాటను చాలాసార్లు అనుకుంది.

ఇంట్లో ఎల్లస్వామి లేడు. దొర ప్రదర్శన కోసం చేయించిన చిన్న మగ్గాన్ని వడ్లాయన దగ్గర విప్పి కట్టిస్తున్నాడు. రాజక్క ఒక్కతే కూర్చుని ప్రదర్శనకు కావాల్సిన కండెలు చుడుతోంది. ఎర్రవి, నీలివి, పసుపువి వేరువేరు గుడ్డల్లో మూటలు కట్టి పెట్టింది. ఒక్కో కండె నిండగానే కొసను పళ్లతో తెంపి, దారం ఊడకుండా మడత పెట్టి, పక్కకు దొర్లిస్తోంది. మొగిలి ఆ కండెలను ఏరి మూటలో వేస్తోంది, రంగు తప్పకుండా. అనసూయను చూడగానే ఇద్దరూ లేచారు.

"పెద్దమ్మకు ఎట్లున్నదమ్మా?" అని అడిగింది రాజక్క మొట్టమొదట. "మంచిగయితే మొగిలి తలవెంట్రుకలు ఎములాడ రాజన్నకు ఇస్తనని మొక్కుకున్న."

పొద్దున్నే రెండు జొన్నరొట్టెలు, కారంపొడి తిని, పనిమనిషి గిన్నె సరిగ్గా తోమలేదని గొంతు చించుకున్న అత్త గుర్తొచ్చింది అనసూయకు. బాగానే ఉందని చెప్పింది. స్వెట్టరు ఇచ్చింది. మొగిలి దాన్ని అక్కడికక్కడే తల మీంచి దూర్చుకుని, ఆ ఎండలో, విప్పనని రెండు చేతులూ గట్టిగా ముడుచుకుంది. రాజక్క నవ్వి, బిడ్డను వదిలేసి, కొంగుతో పీట తుడిచి అనసూయను కూర్చోబెట్టింది.

అప్పుడు చెప్పాల్సింది. ఇంట్లో ఇంకెవరూ లేరు, మగ్గం చప్పుడు కూడా లేదు. అనసూయ నోరు తెరిచింది. ఎదురుగా, దేవుడి పటాల కింద, ఉతికిన గుడ్డ కప్పుకుని సంచి ఉంది. దాని ముందు దీపం వెలుగుతోంది. పొద్దున పెట్టిన మందారం ఇంకా వాడలేదు. ఈ మాట చెబితే రాజక్క ఆ దీపం ఆర్పి, సంచి తెచ్చి తన చేతిలో పెడుతుంది. రిక్షాలో దాన్ని ఒళ్లో పెట్టుకుని ఇంటికి పోవాలి. గడప దగ్గర పద్మ ఎదురొచ్చి, ఏం తెచ్చినవమ్మా అని సంచిలో చెయ్యి పెడుతుంది.

"ఏందమ్మా, ఏదో అనబోతివి" అంది రాజక్క.

"సంచిల పాలడబ్బాలున్నయి గదా" అంది అనసూయ. "అవి మీ మొగిలికి వాడు."

"అయ్యో, పద్మమ్మవి గదమ్మా."

"వాడమన్న గదా. అక్కడ వేరే పాలు... ఎట్లుంటయో ఏమో. ఇవే తాగించు."

రాజక్క తలూపింది. సరేనన్నట్టే ఉంది. అనసూయకు గుండెల మీంచి బరువు దిగినట్టయింది. చెప్పినట్టే కదా, ఇంకా ఎట్లా చెప్పాలి అనుకుంది. ఇటు సంచీ పోతుంది, అటు పిల్లా బాగుంటుంది. ఎవరికీ ఏ అన్యాయమూ జరగకుండా తాను ఎంత నేర్పుగా సర్దిందో అనుకుంటే ఆమెకు తన మీద తనకే గౌరవం కలిగింది. మొగిలి ఒక నీలి కండె తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. దాన్ని పద్మకు ఆడుకోవడానికి ఇచ్చిందని రాజక్క చెప్పింది. అనసూయ దాన్ని తీసుకోలేదు. ఈ ఇంట్లోది ఏదీ ఇప్పుడు తన ఇంటికి పోకూడదు. మళ్లీ వచ్చినప్పుడు తీసుకుంటానని చెప్పి, మొగిలి చేతిలోనే పెట్టేసి లేచింది.

బయలుదేరే రోజు పొద్దున వరంగల్ స్టేషన్లో పెళ్లిలాగే ఉంది. కిషన్ రావు ఫోటోగ్రాఫర్ను తెచ్చాడు. ఎల్లస్వామి మెడలో తానే దండ వేసి, భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. నేతపని గొప్పదనం గురించి, కొత్తవాడ పేరు దేశాలు దాటడం గురించి నాలుగు మాటలు మాట్లాడాడు. నేసేవాడే పోవాలి, మాలాంటి వాళ్లం పోతే ఏముంది అన్నాడు. వచ్చిన నేతగాళ్లు చప్పట్లు కొట్టారు. ఒక ముసలాయన కళ్లు తుడుచుకుని, ఇంత మంచి సేటును తన జన్మలో చూడలేదన్నాడు.

సికిందరాబాదు పోయే బండి వచ్చి ఆగింది. విప్పి కట్టిన మగ్గం చెక్కల్ని ఎల్లస్వామి జాగ్రత్తగా పైకెక్కించాడు. రాజక్క కిటికీ పక్కన కూర్చుని పరస్థానం సంచిని ఒళ్లోనే పెట్టుకుంది, కింద పెట్టలేదు. మొగిలి ఎర్ర స్వెట్టరులో చెమటలు కక్కుతూ, చేతిలో నీలి కండె పట్టుకుని, బండి ఎందుకు కదలడం లేదని తండ్రిని అడుగుతోంది. అనసూయ కిటికీ దగ్గరికి పోయింది. సంచి కొంచెం వదులుగా కనిపించింది. ఒళ్లో పెట్టుకుంటే అట్లాగే ఉంటుందిలే అనుకుంది.

రాజక్క కిటికీ ఊచల్లోంచి చెయ్యి చాచి అనసూయ చెయ్యి పట్టుకుంది. ఎర్రరంగు అంటిన వేలు ఆమె మణికట్టు మీద పడింది.

"మా రాతల లేదనుకున్నమమ్మా. మీ చేతులతోని మళ్ల ఇచ్చిన్రు. మీరు చేసింది నా బిడ్డ పెద్దగయినంక గూడ మరిచిపోదు."

బండి కదిలింది. అనసూయ చెయ్యి విడిపించుకోవాల్సిన అవసరం లేకుండా బండే విడిపించింది. సంచి పోయింది. ప్లాట్‌ఫారం చివరి దాకా ఆమె చూస్తూనే నిలబడింది, మనుషుల్ని కాదు, సంచినే. కిషన్ రావు ఫోటోగ్రాఫర్ను తీసుకుని దుకాణానికి పోయాడు. ఆమె రిక్షా ఎక్కి, దారిలో ఆగి, పద్మకని మామిడిపళ్లు కొనుక్కుని ఇంటికొచ్చింది.

ముందు గదిలో భద్రమ్మ ఫోను బల్ల పక్కన కుర్చీలో కూర్చుని విసనకర్ర ఊపుకుంటోంది. అనసూయ ఆమెను దాటి వంటింట్లోకి పోయింది. అక్కడ నేల మీద పద్మ కాళ్లు బారజాపి కూర్చుని ఉంది. రెండు కాళ్ల మధ్య ఒక పాలపిండి డబ్బా ఉంది, మూత తీసి. ఇంకొకటి పక్కన ఉంది. పద్మ మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టి, పిడికెడు పిండి తీసి నోట్లో కుక్కుకుంటోంది. మూతి, ముక్కు, కనుబొమ్మలు అన్నీ తెల్లగా ఉన్నాయి. తల్లిని చూసి నవ్వింది.

పెరటి గుమ్మం దగ్గర గిన్నెలు తోముతున్న పనిమనిషి చిలుకమ్మ తలెత్తింది.

"పొద్దుగాల్ల నువ్వు తానం చేసేటప్పుడు రాజక్క పెరట్ల నుంచి వచ్చి ఇచ్చిపోయిందమ్మా. టేషనుకు పొయ్యే తొందరల ఉన్నది, ఉండుమన్న ఉండలే. పద్మమ్మవి పద్మమ్మకే చెందాలె అన్నది. మా మొగిలికి ఇంకేం తక్కువ, చెంచా నిలవడేటంత చిక్కటి పాలున్న ఊరికే పోతున్నం, అమ్మనే చెప్పింది అన్నది."

అనసూయకు మొదట గుర్తొచ్చింది మొగిలి కాదు. సంచి తిరిగొచ్చింది, అన్నది మొదట గుర్తొచ్చింది. సంచిలోది ఇంట్లోకి వచ్చింది, వచ్చి తన బిడ్డ నోట్లోకే పోయింది. ఒక్క ఉదుటున వంగి డబ్బా గుంజుకుంది, పద్మ చెయ్యి అంచుకు గీసుకుని ఏడుపు లంకించుకుంది. వేలు పెట్టి పాప నోరంతా గీకింది. పాప దగ్గింది, కక్కలేదు. అంత సేపటి తర్వాత, ఆ తెల్లటి మూతి వంకే చూస్తుండగా, కొత్తవాడ పిల్ల గుర్తొచ్చింది. అక్కడ జర్మనీలో గ్లాసు నిండా పాలు పోసి ఇస్తారు. రాజక్క పక్కన కూర్చుని, అడుగు దాకా తాగమని బతిమాలుతుంది.

ఇంకా ఆలస్యం కాలేదు. ఆ సంగతి అనసూయకు తెలుసు. వాళ్లు బొంబాయిలో ఏజెంటు దగ్గర రెండు రోజులు ఉంటారు. అతని నంబరు ఆమెకు నోటికొచ్చు. ఒక్క ట్రంకుకాల్ చేసి, పిల్లకు పాలు పట్టించొద్దని చెప్పమంటే చాలు, ఆ ఒక్క మాట. ఫోను ముందు గదిలో ఉంది. దాని పక్కన అత్త ఉంది. ఏ పాలు, ఎందుకు పట్టించొద్దు, సంచిలో పెట్టిన డబ్బాలు ఏమైనయి అని అడుగుతుంది. ఇంట్లోనే ఉన్నాయని చెప్పాలి. పద్మ తిన్నదని చెప్పాలి.

అనసూయ వంటింటి గుమ్మంలో నిలబడింది. అక్కడి నుంచి ఫోను కనిపిస్తోంది, నల్లగా, మీద లేసు గుడ్డ కప్పుకుని. ఒక కాలు గడప అవతల పెట్టింది కూడా. విసనకర్ర చప్పుడు ఆగింది. ఆమె కాలు వెనక్కి తీసుకుంది.

తిరిగొచ్చి, డబ్బాకు మూత బిగించి, రెండు డబ్బాలూ పెరటి గుమ్మం దగ్గరికి తెచ్చి చిలుకమ్మ ముందు పెట్టింది.

"ఇవి తీస్కపోవే. మీ మనుమనికి కలిపి పొయ్యి."

చిలుకమ్మ చేతికి బూడిద ఉంది. నమ్మలేనట్టు ఆ డబ్బాల్ని, అనసూయను మార్చి మార్చి చూసింది. తల్లి పాలు లేక గంజినీళ్ల మీద పెరుగుతున్న మనవడి గురించి ఆమె రోజూ చెబుతూనే ఉంటుంది, అనసూయ రోజూ వింటూనే ఉంటుంది. ఇన్నాళ్లూ ఒక్క చెంచా పిండి ఇచ్చింది లేదు. చిలుకమ్మ గబగబా చేతులు కడుక్కుంది. మనసు మారుతుందేమోనని కాబోలు, గిన్నెలు సగంలోనే వదిలి, డబ్బాలు కొంగులో మూటగట్టుకుంది.

"నీ కడుపు సల్లగుండ తల్లీ. నీ బిడ్డ నూరేండ్లు బతుకు" అంది.

"ముందలి గుమ్మం నుంచి పోకు" అంది అనసూయ. "ఇట్లనే పో. ఇప్పుడే పో."

పెరటి తలుపు తీసుకుని చిలుకమ్మ వెళ్లిపోయింది. అనసూయ ఆ తలుపుకు గడియ పెట్టి, నేల మీద పడ్డ పిండిని తడిగుడ్డతో తుడిచి, గుడ్డను గోడ అవతలికి విసిరేసింది.

"సంచి పోయిందా బిడ్డా?" అని ముందు గదిలోంచి భద్రమ్మ అడిగింది.

"పోయింది అత్తమ్మా."

"అండ్లది ఏది ఇంట్ల మిగల్లే గదా?"

"మిగల్లే."

విసనకర్ర చప్పుడు మళ్లీ మొదలైంది. అనసూయ పద్మను ఎత్తుకుని, చెంబులో నీళ్లు ముంచుకుని, చీర కొంగు తడిపి పాప మూతి తుడిచింది. తెలుపంతా పోయాక కూడా ఇంకా తుడుస్తూనే ఉంది.